నీటి కఠినత్వం: మొక్కల అక్వేరియంలో ఖనిజాల సర్దుబాటు

నీటి కఠినత్వం గురించి మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివారు. సబ్బుతో సులభంగా నురగ ఇవ్వని నీరు కఠిన జలం. మరిగిస్తే పోయేది తాత్కాలిక కఠినత్వం, మరిగించినా పోనిది శాశ్వత కఠినత్వం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు దీనికి కారణం. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు వస్తాయి. కాని మీ ఇంట్లో ఒక గాజు తొట్టి, అందులో నాలుగైదు రకాల నీటి మొక్కలు, ఓ పది చేపలు ఉన్నాయనుకోండి. బోరు నీళ్ళు పోస్తే ఆకుల మీద తెల్లటి పొర కడుతున్నది. ఆర్.ఒ. నీళ్ళు పోస్తే కొత్త ఆకులు ముడుచుకొని పోతున్నాయి. ఇప్పుడు పై వాక్యాలు చాలవు. ఏ అయాన్ ఎంత ఉంది, దేన్ని తగ్గించాలి, దేన్ని చేర్చాలి, ఎన్ని గ్రాములు చేర్చాలి అన్నవి తేల్చుకోవాలి. ఈ భాగంలో మనం చేసేది అదే. దగ్గర ఒక కాగితం, పెన్సిలు పెట్టుకొని చదవండి.

1. కఠినత్వం వేరు, క్షారత వేరు

అక్వేరియం పెంచేవారు రెండు అంకెలు వాడతారు. మొదటిది జి.హెచ్. ఇది మొత్తం కఠినత్వం, అంటే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్ల మొత్తం. రెండవది కె.హెచ్. దీన్ని కార్బొనేట్ కఠినత్వం అని పిలుస్తారు గాని, పరీక్ష కిట్టు నిజానికి కొలిచేది క్షారతను, అంటే ఆమ్లాన్ని తటస్థీకరించగల శక్తిని. మన నీళ్ళలో ఈ శక్తి దాదాపు అంతా బైకార్బొనేట్ అయాన్ నుంచే వస్తుంది. క్షారత అంటే పి.హెచ్. ఎక్కువగా ఉండడం అని చాలామంది పొరబడతారు. పి.హెచ్. 7 దగ్గర ఉన్న నీటికి కూడా క్షారత చాలా ఎక్కువగా ఉండవచ్చు.

ఈ రెండింటినీ జర్మన్ డిగ్రీలలో చెప్పడం అలవాటు. ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.85 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌కు సమానం. ప్రయోగశాల నివేదికలో లీటరుకు మిల్లీగ్రాములలో ఇచ్చిన అంకెను 17.85తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. పోల్చి చూసుకోవడానికి ఒక అంకె గుర్తుంచుకోండి: తాగునీటికి భారత ప్రమాణం (ఐ.ఎస్. 10500) మొత్తం కఠినత్వానికి ఆమోదయోగ్యమైన పరిమితిని లీటరుకు 200 మి.గ్రా.గా, వేరే నీటి వనరు లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతించదగినదిగా నిర్ణయించింది. అంటే సుమారు 11 డిగ్రీలు, 34 డిగ్రీలు. మనిషి తాగడానికి పనికివచ్చే నీరు ప్రతి మొక్కకూ పనికివస్తుందనుకోకూడదని దీన్నిబట్టే తెలుస్తుంది.

కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉన్న నీటిలో రెండు అంకెలూ దాదాపు ఒకేలా ఉంటాయి. కాని ఎప్పుడూ అలా ఉండనక్కరలేదు. నీటిలో జిప్సం కరిగి ఉంటే జి.హెచ్. పెరుగుతుంది, కె.హెచ్. కదలదు. సోడియం బైకార్బొనేట్ ఉంటే కె.హెచ్. పెరుగుతుంది, జి.హెచ్. కదలదు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య మీకు తెలిసినదే. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే భూగర్భజలాల్లో తరచుగా కాల్షియం తక్కువగాను, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగాను ఉంటాయి. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా బంధిస్తుంది. అది లేనిచోట ఫ్లోరైడ్ నీటిలోనే నిలుస్తుంది. అలాంటి నీటికి జి.హెచ్. 5, కె.హెచ్. 19 ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. ఒక అంకె చూసి రెండవదాన్ని ఊహించకండి.

2. కొలవడం

మీరు ప్రయోగశాలలో చేసిన ఇ.డి.టి.ఎ. అంశమాపనమే ఇక్కడ పనికివస్తుంది. 50 మి.లీ. నీటికి అమోనియా బఫర్ చేర్చి పి.హెచ్.ను 10 దగ్గర నిలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్-టి సూచిక వేసి, 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ. ద్రావణాన్ని చుక్కలుగా వదులుతాము. ద్రాక్షసారా రంగు పోయి నీలం రాగానే ఆపుతాము. ఈ గాఢతలో 1 మి.లీ. ఇ.డి.టి.ఎ. 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌కు సమానం కాబట్టి, పాఠ్యాంకాన్ని 20తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. ఒక బోరు నీటికి 19.6 మి.లీ. పట్టిందనుకోండి: 392 మి.గ్రా., అంటే 22 డిగ్రీలు. అదే నీటిని మిథైల్ ఆరెంజ్ సూచికతో 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అంశమాపనం చేస్తే 14.3 మి.లీ. పట్టిందనుకోండి: క్షారత 286 మి.గ్రా., అంటే 16 డిగ్రీలు. దుకాణంలో అమ్మే చుక్కల కిట్టు చేసేదీ ఈ పనే. సాధారణంగా 5 మి.లీ. నీటికి ఒక్కో చుక్కను ఒక డిగ్రీగా లెక్కపెడతారు. అర డిగ్రీ తేడా తెలియాలంటే 10 మి.లీ. నీరు తీసుకోండి, చాలు.

జేబులో పెట్టుకొనే టి.డి.ఎస్. మీటరు గురించి ఒక మాట చెప్పాలి. అది కొలిచేది విద్యుద్వాహకతను. అందులో వచ్చిన 300 కాల్షియం వల్ల వచ్చిందా, ఉప్పు వల్ల వచ్చిందా అన్నది ఆ మీటరుకు తెలియదు. ఇంటి ఆర్.ఒ. యంత్రం సరిగా పనిచేస్తున్నదా అని చూసుకోవడానికి అది మంచి పరికరం. కఠినత్వానికి కాదు.

3. మొక్క ఏమి కోరుతుంది

కాల్షియం కణకవచాలను పట్టి ఉంచుతుంది. మొక్కలో ఒకసారి ఒక ఆకులోకి చేరాక అక్కడినుంచి కదలదు. అందువల్ల కాల్షియం కొరత కొత్త చిగుళ్ళలో కనిపిస్తుంది: ఆకులు చిన్నవై, మెలితిరిగి, అంచులు ముడుచుకుంటాయి. మెగ్నీషియం పత్రహరితపు అణువు మధ్యలో ఉంటుంది, మొక్కలో కదులుతుంది. కొరత వచ్చినప్పుడు మొక్క ముసలి ఆకుల నుంచి దాన్ని లాగి చిగుళ్ళకు పంపుతుంది. కాబట్టి ముసలి ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపురంగుకు తిరుగుతుంది. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం వ్యాధి నిర్ణయం అయినట్లే. అయితే కఠినమైన, పి.హెచ్. ఎక్కువగా ఉన్న నీటిలో ఇనుము అవక్షేపమై మొక్కకు అందదు. అప్పుడూ చిగుళ్ళే పాలిపోతాయి. పాలిపోవడం ఇనుమును, మెలితిరగడం కాల్షియాన్ని సూచిస్తాయని మొదటి అంచనాగా తీసుకోవచ్చు.

ఇక బైకార్బొనేట్ సంగతి. కార్బన్ డయాక్సైడ్ దొరకనప్పుడు బైకార్బొనేట్ నుంచే కార్బన్‌ను తీసుకోగల మొక్కలున్నాయి. మన చెరువుల్లో, కాలువల్లో పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లమ్ అలాంటివే. ఇవి బైకార్బొనేట్‌ను వాడుకొన్నప్పుడు ఆకు చుట్టూ పి.హెచ్. పెరిగి, కాల్షియం కార్బొనేట్ ఆకు మీదనే అవక్షేపిస్తుంది. మొదట్లో చెప్పిన తెల్లటి పొర ఇదే. దాన్ని చూసి రోగమనుకొని మందులు పోసేవారిని చూశాను. నీటి నాచులలో అనేకం ఈ పని చేయలేవు. వాటికి కరిగిన కార్బన్ డయాక్సైడే దిక్కు. కాబట్టి కఠిన జలంలో ఏమి పెంచవచ్చునంటే, మన కాలువ మొక్కలు పెంచవచ్చు. నీటిని మార్చడం కన్న నీటికి తగిన మొక్కను ఎన్నుకోవడం చవక. ఇది నా సొంత అభిప్రాయం. ఎర్రటి ఆకుల మొక్కల మీద మోజున్నవారు ఒప్పుకోరు.

చేపల విషయం క్లుప్తంగా: గప్పీ, మోలీ కఠిన జలంలో హాయిగా బతుకుతాయి. అమెజాన్ ప్రాంతపు మృదు జలాల నుంచి వచ్చిన టెట్రాలు, డిస్కస్‌లు మెత్తటి నీటికి అలవాటుపడ్డవి. రెండు గుంపులనూ ఒకే తొట్టిలో వేసి రెండింటికీ న్యాయం చేయలేము. చాలా రకాల మొక్కలకు, చేపలకు కలిపి జి.హెచ్. 4 నుంచి 8, కె.హెచ్. 2 నుంచి 5 అన్న లక్ష్యంతో నేను పని చేస్తాను.

4. తగ్గించే మార్గాలు

మరిగించడం వల్ల తాత్కాలిక కఠినత్వమే పోతుంది. పై ఉదాహరణలో మొత్తం 392లో కార్బొనేట్ భాగం 286, మిగిలిన 106 శాశ్వతం. ఎంత మరిగించినా ఆ 106 అలాగే ఉంటుంది. అయినా వంద లీటర్లు మరిగించడం గ్యాసు దండగ.

ఇళ్ళలో బాత్‌రూముల కోసం పెట్టే సాఫ్ట్‌నర్ యంత్రం మృదు జలం ఇస్తుందని చెప్పి ఆ నీరు తొట్టిలో పోయకండి. అందులోని రెజిన్ కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకొని వాటి బదులు సోడియంను వదులుతుంది. జి.హెచ్. సున్నాకు వస్తుంది, కె.హెచ్. అంతే ఉంటుంది. మొక్కకు కావలసినవి తీసి, అక్కరలేనిది ఇచ్చినట్లవుతుంది.

మిగిలింది ఆర్.ఒ. నీటితోగాని, మేడ మీద పట్టిన వాన నీటితోగాని పలచబరచడం. వాన నీరు పట్టేటప్పుడు తొలకరి వానలను వదిలేయండి. కప్పు మీది దుమ్మంతా అందులోకే వస్తుంది. ఆర్.ఒ. యంత్రాలలో కొన్ని శుద్ధి చేసిన నీటికి మళ్ళీ ఖనిజాలు కలుపుతాయి లేదా కొంత మామూలు నీరు కలిపి పంపుతాయి. కాబట్టి ఆ నీటినీ కొలిచి చూసుకోవాలి. వృథాగా పోయే నీటిని ఇల్లు తుడవడానికి వాడుకోండి.

లెక్క తేలికే. బోరు నీటి జి.హెచ్. 22, మనకు 6 కావాలి. 6ను 22తో భాగిస్తే 0.27. వంద లీటర్లలో 27 లీటర్లు బోరు నీరు, 73 లీటర్లు ఆర్.ఒ. నీరు. కె.హెచ్. కూడా అదే నిష్పత్తిలో పడుతుంది: 16 × 0.27 = 4.3. ఈ నీటికి ఏ లవణమూ చేర్చవలసిన పని లేదు. చాలామంది మొత్తం ఆర్.ఒ. నీరే పోసి, పోయిన ఖనిజాలను డబ్బు పెట్టి పొట్లాలలో కొంటారు. పంపులో ఊరకే వస్తున్నదాన్ని కొనడం దేనికి?

5. చేర్చే లెక్క

బోరు నీరు బాగులేక పూర్తిగా ఆర్.ఒ. నీరే వాడవలసి వస్తే లవణాలు చేర్చాలి. మొదట తొట్టిలో నిజంగా ఎంత నీరుందో లెక్కించండి. 90 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు తొట్టి 126 లీటర్లు అవుతుంది. అడుగున ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా సుమారు 100 లీటర్లు.

వంద లీటర్లను ఒక డిగ్రీ పెంచడానికి 1785 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన అయాన్లు కావాలి. కాల్షియం కార్బొనేట్ అణుభారం 100.1 కాబట్టి అది 17.83 మిల్లీమోల్‌లు. ఇక ఏ లవణమైనా దాని అణుభారంతో గుణిస్తే చాలు. జిప్సం, అంటే రెండు నీటి అణువులున్న కాల్షియం సల్ఫేట్, 172.2: 3.07 గ్రాములు. ఏడు నీటి అణువులున్న మెగ్నీషియం సల్ఫేట్, 246.5: 4.40 గ్రాములు. రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్, 147: 2.62 గ్రాములు. ఇవి జి.హెచ్.ను మాత్రమే పెంచుతాయి. కె.హెచ్.కు తేడా ఉంది: కార్బొనేట్ రెండు తుల్యాంకాల ఆమ్లాన్ని తీసుకుంటుంది, బైకార్బొనేట్ ఒకదాన్నే తీసుకుంటుంది. కాబట్టి 17.83కు బదులు 35.67 మిల్లీమోల్‌లు కావాలి. సోడియం బైకార్బొనేట్ అయితే 3.0 గ్రాములు, పొటాషియం బైకార్బొనేట్ అయితే 3.57 గ్రాములు. మొక్కలకు పొటాషియం ఎలాగూ కావాలి గనుక దొరికితే రెండవదే మేలు.

జి.హెచ్. 5, కె.హెచ్. 2 కావాలనుకుందాం. కాల్షియం నుంచి మూడున్నర డిగ్రీలు, మెగ్నీషియం నుంచి ఒకటిన్నర తీసుకుంటే జిప్సం 10.7 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 6.6 గ్రాములు, పొటాషియం బైకార్బొనేట్ 7.1 గ్రాములు. లీటరుకు 25 మి.గ్రా. కాల్షియం, 6.5 మి.గ్రా. మెగ్నీషియం వస్తాయి. ఈ రెండింటి నిష్పత్తి మూడుకు ఒకటా, నాలుగుకు ఒకటా అని తర్కించుకుంటూ కూర్చోనక్కరలేదు. రెండూ ఉండాలి, అంతే.

జిప్సం లీటరు నీటిలో సుమారు 2 గ్రాములకు మించి కరగదు. చెంబు నీళ్ళలో వేసి కరగలేదని కంగారుపడకండి. పెద్ద బకెట్టులో కలిపి, మధ్యమధ్య తిప్పుతూ ఒక రాత్రి ఉంచండి. వేరుశనగ ఊడలు దిగే దశలో రైతులు చేనుకు వేసే జిప్సం కూడా కాల్షియం కోసమే; రసాయనికంగా అదే పదార్థం, కాని ఎరువుగా అమ్మేదానిలో మలినాలుంటాయి. రసాయనాల దుకాణంలో దొరికే శుద్ధమైనది కొనండి. ఇంకో జాగ్రత్త మరీ ముఖ్యం. ఎరువుల దుకాణంలో మెగ్నీషియం సల్ఫేట్, జింకు సల్ఫేట్ పక్కపక్కనే ఉంటాయి, రెండూ తెల్లటి స్ఫటికాలే. జింకు చేపలకు విషం. సంచి మీది పేరు చదవకుండా చేతిలో పోయించుకోకండి. అలాగే వంటసోడా బదులు చాకలి సోడా గాని, బేకింగ్ పౌడరు గాని వాడరాదు. చేపల చెరువులకు సున్నం చల్లుతారు కదా అని తొట్టిలో వేస్తే, వంద లీటర్ల నీటిలో పి.హెచ్. ఒక్కసారిగా ఎగబాకుతుంది.

6. కె.హెచ్. సున్నా అయితే

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. పదవీ విరమణ చేసిన ఏడాది మనవరాలి కోసం ఒక తొట్టి పెట్టాను. ముప్పై ఏళ్ళు కఠినత్వం పాఠం చెప్పినవాణ్ణి, శుభ్రమైన నీరు మేలని మొత్తం ఆర్.ఒ. నీరే పోశాను. ఆరు వారాలు అంతా బాగుంది. తరువాత చిగుళ్ళు మెలితిరిగాయి. పి.హెచ్. చూస్తే 6కు దిగింది.

కారణం ఇది. చేపలు విడిచే అమోనియాను ఫిల్టరులోని బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ నైట్రీకరణలో ఆమ్లం పుడుతుంది: 1 మి.గ్రా. అమోనియా నత్రజని నైట్రేట్‌గా మారితే 7.14 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది. క్షారత నిల్వ లేని నీటిలో పి.హెచ్. పడిపోతుంది. అది పడిపోతే బాక్టీరియా మందగిస్తాయి, అమోనియా పేరుకుంటుంది. పరీక్షించి చూస్తే లీటరుకు 3 మి.గ్రా. ఉంది. చేపలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. నేను రెండు చెంచాల వంటసోడా తీసుకొని తొట్టిలో వేశాను. సాయంత్రానికి పి.హెచ్. 8 దగ్గరికి వచ్చింది. తెల్లవారేసరికి పదకొండు చేపలలో ఏడు పైకి తేలాయి. మనవరాలు నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

లెక్క నాకు ముందే తెలుసు, వేసుకోలేదు. అమోనియం అయాన్ విలువ, పి.కె.ఎ., 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 9.25. పి.హెచ్. 6 వద్ద మొత్తం అమోనియాలో విషరూపమైన స్వేచ్ఛా అమోనియా 0.06 శాతం లోపే. పి.హెచ్. 8 వద్ద 5 శాతం పైన. అంటే సుమారు వంద రెట్లు. నీటిలో మొత్తం అమోనియా పెరగలేదు. దాని రూపాన్ని నేను మార్చాను. సరైన పద్ధతి ఏమంటే, ముందు అదే పి.హెచ్. దగ్గర ఉన్న నీటితో కొంత కొంత మార్చి అమోనియాను తగ్గించాలి. ఆ తరువాత కె.హెచ్.ను రోజుకు అర డిగ్రీ చొప్పున పెంచాలి. అందుకే కె.హెచ్. 2కు తగ్గకుండా చూసుకోమంటున్నాను.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడేవారికి కె.హెచ్. మరొక విధంగానూ ఉపయోగం. లీటరుకు కార్బన్ డయాక్సైడ్ మిల్లీగ్రాములు = 3 × కె.హెచ్. × 10 టు ది పవర్ (7 – పి.హెచ్.). కె.హెచ్. 4, పి.హెచ్. 6.6 అయితే 30 మి.గ్రా. వస్తుంది. క్షారత అంతా బైకార్బొనేట్ నుంచే వచ్చినప్పుడు మాత్రమే ఈ సూత్రం నమ్మదగినది, పి.హెచ్. తగ్గించే ఫాస్ఫేట్ మందులు వేసిన తొట్టిలో పనికిరాదు.

7. తొట్టిలోనే ఉన్న కారణాలు

నీరు సరిచేసినా వారం తిరిగేసరికి కఠినత్వం పెరుగుతుంటే రాళ్ళను అనుమానించండి. మన ఇళ్ళలో పరిచే తాండూరు బండ, కడప నల్లబండ, బేతంచెర్ల నాపరాయి అన్నీ సున్నపురాయి జాతివే. అందంగా ఉన్నాయని ముక్కలు తెచ్చి తొట్టిలో పేరుస్తారు. కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీరు సున్నపురాయిని కాల్షియం బైకార్బొనేట్‌గా కరిగిస్తుంది; జి.హెచ్., కె.హెచ్. రెండూ కలిసి పెరుగుతాయి. సిలిండరు పెట్టిన తొట్టిలో ఇంకా వేగంగా. రాయి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి చూడండి, నురగ వస్తే అది తొట్టికి పనికిరాదు. సముద్రపు ఇసుకలో గవ్వల ముక్కలుంటాయి, అదీ అంతే. నల్లటి గ్రానైట్ ముక్కలు నురగ ఇవ్వవు.

రెండవ కారణం ఆవిరి. నీరు ఆవిరవుతుంది, లవణాలు మిగులుతాయి. ఎండాకాలంలో వంద లీటర్ల తొట్టి నుంచి వారానికి 10 లీటర్లు పోయిందనుకోండి. ఆ లోటును 15 డిగ్రీల నీటితో నింపితే వారానికి ఒకటిన్నర డిగ్రీ చేరుతుంది. 15తో మొదలైన తొట్టి నాలుగు వారాలలో 21కి వస్తుంది. ఆవిరైన నీటి లోటును ఆర్.ఒ. నీటితోనే నింపాలి, లవణాలు కలిపిన నీరు వారపు నీటి మార్పిడికే.

ఆ మార్పిడి కూడా మెల్లగా జరగాలి. 22 డిగ్రీల తొట్టిలో వారానికి 30 శాతం తీసి 6 డిగ్రీల నీరు పోస్తే, మొదటి వారం 17.2, రెండవ వారం 13.8, మూడవ వారం 11.5, నాలుగవ వారం 9.8 వస్తాయి. చేపల శరీరం తన లోపలి లవణాలను బయటి నీటితో సరిచూసుకోవడానికి ఈ వ్యవధి కావాలి. తొట్టి మొత్తం ఒక్కరోజులో మారిస్తే అంకెలు సరిగా ఉంటాయి, చేపలు ఉండవు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక బోరు నీటి కఠినత్వం లీటరుకు 90 మి.గ్రా., క్షారత 340 మి.గ్రా. (రెండూ కాల్షియం కార్బొనేట్‌గా). ఈ నీటితో 60 లీటర్ల తొట్టికి కె.హెచ్. 4, జి.హెచ్. 5 గల నీరు తయారుచేయాలి. బోరు నీరు, ఆర్.ఒ. నీరు ఎంతెంత కలపాలి? కలిపాక జి.హెచ్. ఎంతకు పడిపోతుంది? దాన్ని 5కు తేవడానికి ఏ లవణాలు, ఎన్ని గ్రాములు చేర్చాలి? వంటసోడా ఎందుకు అక్కరలేదో ఒక వాక్యంలో రాసి, లెక్కతో పాటు కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.